రెండో వేవ్ తరువాత తిరిగి రాని కస్టమర్లు: ఒక స్పా కేసు

హైదరాబాద్‌లోని ఒక మహిళల స్పాకు 2021 జూలై నుంచి మరుసటి ఏడాది మార్చి వరకు నేను సలహాదారుగా పనిచేశాను. అంతకు ముందు చాలా ఏళ్లు ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సుగా ఉన్నాను. కరోనా తరువాత సెలూన్లు, స్పాల వాళ్లు నన్ను పిలవడం మొదలుపెట్టినప్పుడు, ఆసుపత్రిలో నేర్చుకున్న పద్ధతులను అక్కడ అమలు చేయిస్తే సరిపోతుందని అనుకున్నాను. ఆ అంచనా ఎక్కడ తప్పిందో ఈ కేసులో నాకు వివరంగా తెలిసింది కాబట్టి దీన్ని రాసిపెడుతున్నాను. స్పాను గానీ, అక్కడికి వచ్చినవారిని గానీ గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను కొన్నింటిని తీసివేశాను, కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

ఇళ్ల మధ్య ఉన్న ఒక భవనం మొదటి అంతస్తులో నడిచే చిన్న స్పా అది. నాలుగు మసాజ్ గదులు, ఒక ఆవిరి గది, పెడిక్యూర్ కోసం వీధి వైపు బాల్కనీని ఆనుకుని ఒక హాలు ఉండేవి. ఆరుగురు థెరపిస్టుల్లో ముగ్గురు ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవారు, ముగ్గురు తెలంగాణ జిల్లాలవారు. కస్టమర్లలో ఎక్కువమంది నలభై దాటినవారు. మెడ నొప్పికో, నడుము నొప్పికో నెలకోసారి నూనె మసాజ్ చేయించుకోవడానికి ఏళ్ల తరబడి వస్తున్నవారు.

2020 మార్చిలో అన్నీ ఒకేసారి మూతపడినా, స్పాలకు అనుమతి బాగా ఆలస్యంగా వచ్చింది. తెలంగాణలో సెలూన్లు మే నెలలోనే తెరుచుకున్నాయి. ఆగస్టులో జిమ్‌లు, యోగా కేంద్రాలు తెరుచుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం స్పాలను, ఆవిరి స్నానాలను మూసే ఉంచాలని రాశారు. ఆ తరువాత తెరుచుకుని మెల్లగా కోలుకుంటున్న సమయంలో రెండో వేవ్ వచ్చింది. 2021 మే 12 నుంచి జూన్ 19 వరకు రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్ నడిచింది. నేను వెళ్లేసరికి స్పా తెరిచి నెల కావస్తోంది.

సమస్య

"హోటళ్లలో టేబుల్ దొరకడం లేదండీ, బట్టల షాపుల్లో నిలబడడానికి చోటు లేదు. మా దగ్గరికి మాత్రం రోజుకు ఇద్దరు రావడం కష్టంగా ఉంది," అని యజమానురాలు మొదటి రోజే అన్నారు. జనానికి కరోనా భయం పోయిందని, తన స్పా మీద మాత్రమే నమ్మకం పోయిందని ఆమె బాధ. నాకు అది పూర్తిగా నిజమనిపించలేదు. బట్టల షాపులో మనిషి తన కాళ్ల మీద తాను నిలబడి ఉంటుంది, ఇబ్బందిగా అనిపిస్తే బయటికి నడిచి వెళ్లిపోతుంది. మసాజ్ టేబుల్ మీద ఆమె బట్టలు లేకుండా, బోర్లా పడుకుని, తలుపు మూసిన చిన్న గదిలో, గంటన్నర పాటు మరొకరి చేతుల్లో ఉంటుంది. కళ్లు మూసుకుని ఒళ్లు అప్పగించడానికే ఆమె స్పాకు వస్తుంది; సరిగ్గా ఆ అప్పగింతే ఇప్పుడు ఆమెకు చేతకావడం లేదు.

నేను వెళ్లకముందు చేసినవి

ఆ నెల రోజుల్లో వాళ్లు చేయగలిగినదంతా చేశారు. గుమ్మంలో థర్మల్ గన్, థెరపిస్టులకు తెల్లటి పీపీఈ కిట్లు, గోడల నిండా "నూరు శాతం సురక్షితం" అనే పోస్టర్లు, గంటకోసారి హైపోక్లోరైట్‌తో (బ్లీచింగ్ ద్రావణంతో) నేల తుడవడం, మెట్ల మీద మనుషులపై మందు చల్లే ఒక చిన్న ద్వారం. ఈ చివరిదాన్ని నేను చూసిన క్షణమే తీయించాను. మనుషుల ఒంటి మీద క్రిమిసంహారకాలు చల్లవద్దని 2020 ఏప్రిల్‌లోనే ఆరోగ్య శాఖ చెప్పింది. దానివల్ల చర్మానికీ కళ్లకూ హానే తప్ప వైరస్‌కు అడ్డు లేదు.

మిగిలినవి తప్పని నేనూ అప్పుడు అనుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం రిసెప్షన్‌లో కూర్చుని ఉండగా అరవైకి దగ్గరపడిన ఒక టీచరుగారు వచ్చారు. మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగారు. లోపల అప్పుడే నేల తుడిచారు. ఆమె మాస్కు మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఈ వాసన వద్దమ్మా. మా వారిని చేర్పించినప్పుడు పదిహేను రోజులు ఆసుపత్రి కింద ఈ వాసనలోనే కూర్చున్నాను," అని వెనక్కి తిరిగి దిగిపోయారు. థర్మల్ గన్ పట్టుకున్న అమ్మాయి పీపీఈ కిట్‌లో అలాగే నిలబడిపోయింది. ఆసుపత్రి మనిషిని కాబట్టి నా ముక్కుకు ఆ వాసన శుభ్రతలాగే తోచేది. 2021 వేసవి దాటిన ఇంట్లో అదే వాసనకు అర్థం వేరని నాకు ఆ రోజు వరకు తట్టలేదు.

యజమానురాలు చేసిన మరో ప్రయత్నం డిస్కౌంట్లు. పాత కస్టమర్లందరికీ "ఇమ్యూనిటీ ప్యాకేజీ" పేరుతో సగం ధరకే మసాజ్ అని వాట్సాప్ సందేశం పంపారు. కొత్తవాళ్లు కొందరు వచ్చారు గానీ, వాళ్లు ఒక్కసారికే వచ్చారు. పాతవాళ్లలో ఒకరి నంబరు నుంచి జవాబు వచ్చింది: "అమ్మ మే నెలలో చనిపోయింది. దయచేసి ఈ నంబరుకు పంపకండి." ఆ సందేశాన్ని నాకు చూపిస్తున్నప్పుడు యజమానురాలి చేతులు వణికాయి. మసాజ్‌తో కరోనాను తట్టుకునే రోగనిరోధక శక్తి వస్తుందని చెప్పడానికి ఆధారం లేదు కాబట్టి ఆ పేరు ఎలాగూ తీసేయాల్సిందే. దానికన్నా ముఖ్యంగా, ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకోకుండా అందరికీ ఒకే సందేశం పంపడాన్ని ఆ రోజుతో ఆపేశాం.

నా పొరపాటు

మొదటి రెండు వారాల్లో నేను పెట్టించిన పద్ధతి కూడా పనిచేయలేదు. కస్టమర్లు అపాయింట్‌మెంట్‌కు ముందు రెండు పేజీల ఫారం నింపాలని, కోవిన్ టీకా సర్టిఫికెట్ చూపాలని, రెండు డోసులూ పూర్తయి ఉండాలని నియమం పెట్టాను. కాగితం మీద అది బాగానే ఉంది. కానీ మే నెల మధ్యలో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. 18 నుంచి 44 ఏళ్లవారికి టీకాలు మే 1 నుంచి గానీ మొదలుకాలేదు. అంటే, ఆ జూలైలో ఎంత జాగ్రత్తగా ఉండే మనిషికైనా రెండో డోసు పడే వీలు లేకపోవచ్చు. పైగా ఫారంలోని ప్రతి ప్రశ్నా కస్టమర్‌నే అనుమానిస్తోంది. "మీకు జ్వరం ఉందా, మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అని నన్ను అడుగుతున్నారు సరే, మీ అమ్మాయిల సంగతి నాకెవరు చెబుతారు?" అని ఒకావిడ ఫోన్‌లోనే అడిగింది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆమె గురించి మాకు ఎన్నో సంగతులు తెలియాలన్నాం, మా గురించి ఆమెకు ఒక్కటీ చెప్పలేదు.

అడగడం

అప్పటివరకు మేము వచ్చినవాళ్లనే అభిప్రాయాలు అడుగుతున్నాం. వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చినవాళ్లే. మాకు కావలసిన సమాధానం రానివాళ్ల దగ్గర ఉంది. అందుకని ఏళ్లుగా రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి చేత, ఆమెకు బాగా తెలిసిన పాత కస్టమర్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేయించాం. మొదటి మాట ఏమిటన్నది ముందే అనుకున్నాం: "ఆంటీ, రమ్మని అడగడానికి చేయలేదు. అందరూ ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశాను." మాట కుదిరితేనే, "మా దగ్గరికి రావాలంటే మనసు ఎక్కడ వెనక్కి లాగుతోంది?" అని ఒక్క ప్రశ్న. సమాధానాన్ని వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయమన్నాను. మార్చి రాస్తే మళ్లీ మాకు తెలిసిన సమస్యే కనిపిస్తుందని నా భయం.

ఆ నోట్‌బుక్‌లో నేను ఊహించని పదం ఒకటి మళ్లీ మళ్లీ కనిపించింది: ఏటిసూతకం. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు, పండగే చేసుకోవడం లేదు, ఇక ఒంటికి సుఖం చూసుకోవడం ఏమిటన్నది వాళ్ల మాట. వీళ్లకు స్పా అంటే భయం లేదు. ఏ జాగ్రత్త చూపించినా వీళ్లు రారు, రావాల్సిన అవసరమూ లేదు. వీళ్ల పేర్లను జాబితాలో పక్కన పెట్టి, వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసేవరకు మనం చేయకూడదని అనుకున్నాం. వ్యాపారం దృష్టితో చూసినా ఈ విభజన మేలు చేసింది. అప్పటిదాకా "భయపడుతున్నారు" అని ఒకే గంపలో వేసినవాళ్లలో నిజంగా భయపడుతున్నది ఎవరో, దేనికో అప్పుడు విడిగా కనిపించింది.

భయపడుతున్నవాళ్లు చెప్పినవి ముఖ్యంగా మూడు. తలుపు మూసిన ఏసీ గది. అమ్మాయిలు ఎక్కడుంటున్నారో, జ్వరం వస్తే చెబుతారో లేదో తెలియకపోవడం. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు తాను అంటిస్తానేమోనన్న దిగులు. నేల మీద, కుర్చీల మీద, తువ్వాళ్ల మీద వైరస్ ఉంటుందేమోనన్న మాట దాదాపు ఎవరూ అనలేదు. మేము మాత్రం డబ్బంతా నేల తుడవడానికే పెడుతున్నాం.

గాలి

శాస్త్రం కూడా అప్పటికి కస్టమర్ల వైపే ఉంది. 2021 ఏప్రిల్ చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మే మొదట్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, గాలిలో తేలే సన్నటి తుంపరల ద్వారా కరోనా సోకుతుందని తమ సమాచారంలో స్పష్టంగా చేర్చాయి. వైరస్ ఉన్న ఉపరితలాన్ని ఒకసారి తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని సీడీసీ ఏప్రిల్‌లోనే చెప్పింది. అందువల్ల హైపోక్లోరైట్‌ను బాత్‌రూమ్‌కు పరిమితం చేసి, మిగిలిన చోట సబ్బు నీళ్లతో తుడిపించాం. టేబుల్ రెక్సిన్‌ను కస్టమర్‌కూ కస్టమర్‌కూ మధ్య స్పిరిట్‌తో తుడవడం మాత్రం కొనసాగించాం.

నాలుగు గదుల్లో రెండింటికి కిటికీలున్నాయి, కానీ గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉండాలని వాటికి చెక్క పలకలు కొట్టేశారు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని లోపలికి తేదు. ఈ సంగతి యజమానురాలికే కాదు, ఏసీ బిగించే మెకానిక్‌కు కూడా ఆ రోజు వరకు పట్టలేదు. ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు కొని, మూసిన గదిలో ఒక థెరపిస్టు మరొకరికి గంట సేపు మసాజ్ చేస్తుండగా పెట్టాం. మనం ఊపిరితో వదిలే ఆ వాయువు గాలిలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లుందో మీటరు చూపిస్తుంది. బయట 420 దగ్గరున్న అంకె లోపల 1,700 దాటింది. ఒకరు వదిలిన గాలినే మరొకరు పీల్చుకుంటున్నారని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన లెక్క నాకు తెలియదు.

పలకలు పీకించి, దోమతెర బిగించి, చాటు కోసం వెదురు తడక వేయించాం. ఎదురు గోడకు, గాలిని షాఫ్ట్‌లోకి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. గది కొలత పది అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు తొమ్మిది. గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే ఫ్యాన్ గంటకు దాదాపు 6,500 ఘనపుటడుగుల గాలిని లాగాలి. మళ్లీ మీటరు పెడితే అంకె 700 లోపే నిలిచింది. ఆ వేగంతో గాలి మారే గదిలో తేలుతున్న కణాల్లో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు పడుతుంది, అందుకని ఇద్దరు కస్టమర్ల మధ్య 50 నిమిషాలు గది ఖాళీగా ఉంచాలని లెక్క తేలింది. మిగిలిన రెండు గదులనూ, ఆవిరి గదినీ మూసేయమన్నాను.

ఇది యజమానురాలికి మింగుడుపడలేదు. నాలుగు గదుల అద్దె కడుతూ రెండింటితో, అదీ మధ్యలో ఖాళీలతో నడపడమంటే ఎలా అని ఆమె అడిగారు. ఆ రెండు గదుల్లో హెపా ఫిల్టర్ పెట్టవచ్చు కదా అని కూడా అడిగారు. పెట్టవచ్చు, అది కణాలను బాగానే పట్టుకుంటుంది. కానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు, కాబట్టి ఆ గదిలో మీటరు అంకె పెరుగుతూనే ఉంటుంది. కస్టమర్‌కు చూపించగలిగే ఒక్క ఆధారం అక్కడ మాకు వ్యతిరేకంగా మాట్లాడుతుంది. రోజుకు ఇద్దరు వస్తున్నప్పుడు నాలుగు గదులున్నా రెండున్నా ఒకటే కదా అన్నది చివరికి ఆమెను ఒప్పించిన మాట. డిస్కౌంట్లు తీసేసి, ధర కొద్దిగా పెంచి, ఎందుకు పెంచామో రిసెప్షన్‌లో ఒక పేజీ మీద రాసిపెట్టాం. "నూరు శాతం సురక్షితం" పోస్టర్లు తీయించి ఆ చోట రాసిన మొదటి వాక్యం: "ఇక్కడ ప్రమాదం తగ్గించగలం, పూర్తిగా తీసేయలేం."

కిటికీ తెరిచాక వీధి లోపలికి వచ్చింది. హారన్లు సరే, సరిగ్గా పదకొండు గంటలకు ఉల్లిగడ్డల ఆటో మైకు మొదలయ్యేది. కస్టమర్లు విసుక్కుంటారని బెంగపడ్డాం. ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా. ఎక్కువమంది ఆ శబ్దం వింటూ నిద్రపోయారు.

మనుషులు

గాలి కన్నా కష్టమైనది థెరపిస్టుల విషయం. వాళ్ల జీతం తక్కువ, మసాజ్‌కు ఇంత అని వచ్చే ఇన్సెంటివ్ ఎక్కువ. జ్వరం వచ్చిందని చెబితే ఆ రోజు డబ్బు పోతుంది, పైగా ఒకే గదిలో ఉంటున్న మిగిలిన ఇద్దరి పనీ పోతుంది. ఇటువంటి ఏర్పాటులో ఏ అమ్మాయి అయినా పారాసిటమాల్ వేసుకుని పనికి వస్తుంది. గుమ్మంలో థర్మల్ గన్ 98 డిగ్రీలు చూపిస్తుంది. ఒంట్లో బాగాలేదని చెప్పినవారికి, వారితో ఉంటున్నవారికి గత నెల సగటు ఇన్సెంటివ్‌తో సహా జీతం ఇవ్వాలని యజమానురాలిని అడిగాను. మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు.

ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిలు వద్దు, "మనవాళ్లు" అయితే వస్తామని ఫోన్‌లో కొందరు చెప్పారు. ముఖం చూసి కరోనా అని పిలిచే వేధింపు దేశమంతటా మొదలైనందువల్లే 2020 మార్చిలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలను హెచ్చరించాల్సి వచ్చింది. కస్టమర్ భద్రత పేరుతో ఈ కోరికను ఒప్పుకుంటే, ఆరుగురిలో ముగ్గురికి భద్రత లేదని మేమే చెప్పినట్టవుతుంది. అందరికీ ఒకే పరీక్ష, ఒకే మాస్కు, ఒకే సెలవు అని చెప్పి, ఆ ఎంపిక మా దగ్గర లేదన్నాం. ఆ కారణంగా పోయినవారిని పోనిచ్చాం.

సెప్టెంబరులో ఒక అమ్మాయి ఉదయాన్నే గొంతు నొప్పిగా ఉందని ఫోన్ చేసింది. ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చినా లక్షణాలున్నాయి కాబట్టి ఆర్‌టీపీసీఆర్ చేయించాం, పాజిటివ్. అంతకు ముందు రెండు రోజుల్లో ఆమె ఐదుగురికి మసాజ్ చేసింది. చెబితే స్పా మూసుకోవాల్సిందేనని యజమానురాలు భయపడ్డారు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో 2020 మేలో లక్షణాలతోనే పనిచేసిన ఇద్దరు హెయిర్ స్టైలిస్టుల సంగతి నాకు తెలుసు; వాళ్ల దగ్గరికి 139 మంది వచ్చారు, అందరూ మాస్కులు పెట్టుకున్నారు, పరీక్ష చేయించుకున్న 67 మందిలో ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. అది నాకు కొంత ధైర్యం. అయినా ఆ ధైర్యం చెప్పకుండా దాచడానికి పనికిరాదు. నేనూ యజమానురాలూ పక్కపక్కన కూర్చుని ఐదుగురికీ అదే గంటలో ఫోన్ చేశాం. ఒకరు కోప్పడ్డారు, మళ్లీ రాలేదు. నలుగురు పరీక్షలు చేయించుకున్నారు, నెగెటివ్ వచ్చింది. అది మా జాగ్రత్తల వల్లే అని చెప్పలేను. అయితే ఆ నలుగురూ తరువాత వచ్చారు. ఒకరు తన చెల్లెలిని కూడా తీసుకొచ్చారు. "మీరు దాచరని తెలిసింది కదా," అని ఆవిడ రిసెప్షన్‌లో చెప్పిన మాట నోట్‌బుక్‌లో ఉంది.

మెట్టు మెట్టుగా రావడం

ఒకేసారి గంటన్నర మసాజ్‌కు రమ్మనడం మానేశాం. మొదట బాల్కనీ హాల్లో పాదాలకు అరగంట, మాస్కు తీయనవసరం లేకుండా. అది కుదిరితే కూర్చునే మెడ, భుజాల మసాజ్. తరువాత గదిలో 45 నిమిషాలు. బోర్లా పడుకుంటే మాస్కు ముక్కుకు అదుముకుని ఊపిరి ఆడదు, కాబట్టి వీపు పనిని ఒక పక్కకు తిరిగి పడుకోబెట్టి చేయడం థెరపిస్టులకు నేర్పించాం. బోర్లా పడుకోవాలనేవారికి ముఖం పెట్టే రంధ్రం కింద దిండు గలీబు వేలాడదీశాం. గ్లవ్స్ రెండు రోజులకే మానుకున్నాం. నూనెకు లేటెక్స్ పాడవుతుంది, నైట్రైల్ వేసుకున్న చేతిలో స్పర్శ ఉండదు. దాని బదులు గదిలోనే, కస్టమర్ చూస్తుండగా మోచేతుల వరకు సబ్బుతో కడుక్కోవడం పెట్టాం. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా ఆపేయమనవచ్చని, అప్పుడు డబ్బు తీసుకోబోమని మొదటే చెప్పేవాళ్లం. ఆ అవకాశాన్ని వాడుకున్నవారు చాలా తక్కువ. ఉందని తెలియడమే వాళ్లకు కావాల్సి వచ్చిందని నా అభిప్రాయం.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు ముఖానికి సంబంధించిన పనులన్నీ ఆపి, ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్నవారిని మేమే కొన్ని వారాలు రావద్దన్నాం. ఫిబ్రవరిలో వాళ్లలో ఎక్కువమంది తిరిగి వచ్చారు. రెండు గదుల్లో నడిచే స్పాకు రెండు గదులకు సరిపడా కస్టమర్లు కుదురుకున్నారు. పాత రోజుల ఆదాయం మాత్రం నేను పని ముగించేనాటికి రాలేదు. కిటికీలు లేని గదుల్లో ఒకటి తువ్వాళ్లకు స్టోర్ అయింది, రెండోదాన్ని పక్క టైలరింగ్ షాపుకు అద్దెకిచ్చారు.

గుమ్మం నుంచే వెనక్కి దిగిపోయిన టీచరుగారికి ఆ ఆగస్టులో ఫోన్ చేసినప్పుడు, ఇంట్లో భర్త ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నారని, ఆయనకు అంటిస్తానేమోనని తన దిగులని చెప్పారు. నేల తుడిచే మందు మార్చామని మాత్రం చెప్పి ఊరుకున్నాం. దసరా దాటాక వచ్చారు. గుమ్మంలో ఒకసారి గాలి పీల్చి చూసి లోపలికి అడుగుపెట్టారు, మూడు నెలల పాటు బాల్కనీ హాలు దాటలేదు. గదిలోకి వెళ్లిన మొదటిరోజు మీటరును తన తల దగ్గరే స్టూలు మీద పెట్టమన్నారు, తలుపు ఓరగా ఉంచమన్నారు, మధ్యలో రెండుసార్లు లేచి అంకె చూసుకున్నారు. మార్చిలో నేను చివరిసారి వెళ్లిన రోజున ఆమె గదిలోనే ఉన్నారు. మసాజ్ మొదలుపెట్టబోతూ థెరపిస్టు అలవాటుగా స్టూలు దగ్గరికి జరుపుతుంటే, "అది అక్కడే ఉండనీ తల్లీ, ఈ రోజు తలుపు వేసెయ్యి," అన్నారు.